ఫిర్యాదు నుంచి రిమాండ్ వరకు: స్టేషన్‌లో కొత్తగా చేరినవారు ఏది ముందు, ఏది తర్వాత చేయాలి

అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలలో పాఠాలు ముగించుకుని, ప్రాక్టికల్ శిక్షణ కోసం స్టేషన్లకు వెళ్లిన వారు అడిగే ప్రశ్నలు మాటల్లో వేరైనా అసలు సంగతి ఒక్కటే. సెక్షన్లు గుర్తున్నాయి, పరీక్ష కూడా బాగా రాశారు. కానీ తెల్లవారగానే ఒక రైతు స్టేషన్‌కు వచ్చి దొంగతనం జరిగిందని చెబితే ముందు ఏ కాగితం తీయాలి, ఎవరికి చెప్పాలి, ఎన్ని గంటల్లోపు ఏది కోర్టుకు చేరాలి అన్నది తెలియదు. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక మాట. సెక్షన్ పొరపాటుగా పడితే దర్యాప్తులో మార్చుకోవచ్చు, అభియోగాన్ని మార్చే అధికారం కోర్టుకూ ఉంది. కాగితం మీద వేసిన వేళ తప్పయితే మాత్రం దాన్ని తర్వాత ఎవరూ బాగు చేయలేరు. అందుకే ప్రతి మెట్టులో వేళ గురించి మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

ఉదాహరణకు ఒక కేసు పెట్టుకుందాం. అనంతపురానికి దగ్గర్లోని ఒక పల్లె. చీనీ (బత్తాయి) తోటలో మోటారు షెడ్డు. రాత్రి ఎవరో తాళం పగలగొట్టి మోటారు, స్టార్టరు, చుట్ట చుట్టి పెట్టిన కేబులు ఎత్తుకుపోయారు. ఉదయం 7 గంటలకు రైతు వచ్చాడు.

దగ్గర ఉంచుకోవలసినవి

- భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్, నేరాలు, శిక్షలు), భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, దర్యాప్తు, విచారణ పద్ధతి), భారతీయ సాక్ష్య అధినియం (బీఎస్ఏ, సాక్ష్యాల నియమాలు) మూల ప్రతులు. మూడూ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకు ముందు జరిగిన నేరంపై ఇవాళ ఫిర్యాదు వచ్చినా నేరం సెక్షన్ పాత ఐపీసీదే, దర్యాప్తు పద్ధతి మాత్రం కొత్త సంహితది.
- బీఎన్ఎస్ఎస్ మొదటి షెడ్యూలు. కాగ్నిజబులా (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరమా) కాదా, బెయిలు హక్కుగా వస్తుందా రాదా అన్నది అక్కడే ఉంటుంది. జ్ఞాపకం మీద ఆధారపడకుండా ప్రతిసారీ తీసి చూడండి.
- సోదా, స్వాధీనం వీడియో తీసే ఈ-సాక్ష్య యాప్ ఉన్న ఫోను, నిండా ఛార్జింగు, ఒక పవర్ బ్యాంకు. తోటల్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో చెప్పలేం.
- కొలత టేపు, గుడ్డ సంచులు, లక్క, సీలు, లేబుళ్లు, చేతి తొడుగులు.
- అరెస్టు మెమో, బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు (అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చేది) ఫారాలు. తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ చదివి రాయగలిగిన వారి పేర్లు కూడా స్టేషన్‌లో రాసి పెట్టుకోండి. రాయదుర్గం వైపు కన్నడం, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ తప్పకుండా అవసరపడతాయి.
- సరిగ్గా నడిచే గడియారం. మీ ఫోను, స్టేషన్ కంప్యూటర్, స్టేషన్ గోడ గడియారం ఒకే వేళ చూపిస్తున్నాయో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి.

1. వినండి, ఆయన మాటల్లోనే రాయండి

కూర్చోబెట్టి మొత్తం వినండి. మధ్యలో ప్రశ్నలు వేసి దారి మళ్లించకండి. చదువు వచ్చిన వారైతే వారి చేతే రాయించండి. నోటితో చెబితే మీరు రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173 కోరేది ఇంతే. ఫోను సందేశంగానో మెయిల్‌గానో ఫిర్యాదు వస్తే అదీ చెల్లుతుంది, అయితే పంపిన వ్యక్తి మూడు రోజుల్లోపు సంతకం చేయాలి.

"నిన్న రాత్రి" అని చెబితే తేదీ కూడా రాయండి. చివరిసారి మోటారును ఎప్పుడు చూశాడు, పోయిందని ఎన్ని గంటలకు గమనించాడు, ముందు ఎవరికి చెప్పాడు అన్నవి ఫిర్యాదులో ఉండాలి. ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యానికి కారణం ఆయన నోటి మాటగానే రాయండి. పల్లెలో పెద్దమనుషులు పంచాయితీ చేద్దామని రెండు రోజులు ఆపి ఉండవచ్చు. అది రాయడానికి చాలామంది జంకుతారు. రాసిన కారణం కేసుకు బలం, దాచిన కారణం డిఫెన్స్ వకీలుకు బలం.

ఎవరి మీదనైనా అనుమానం ఉందని చెబితే "అనుమానం" అనే రాయండి. "చూశాను" అని రాసేయకండి. మార్కా, హెచ్‌పీ, కొన్న సంవత్సరం, గుర్తులు అడగండి. బిల్లు ఉంటే నకలు తీసుకోండి. మోటారు మీద రైతు తన పేరు గీసుకుని ఉంటే, లేదా రిపేరు చేసిన మెకానిక్ ఉంటే, రేపు గుర్తింపుకు అదే ఆధారం.

జాగ్రత్త: నేరం మన పరిధిలో జరగలేదని వెనక్కి పంపే అధికారం మీకు లేదు. ఆలంపూర్ చౌరస్తా దగ్గర బస్సులో సంచి పోగొట్టుకున్న ప్రయాణికుడు తుంగభద్ర దాటి కర్నూలులో దిగి స్టేషన్‌కు వస్తే, నేరస్థలం తెలంగాణదే అయినా జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసే ఎఫ్ఐఆర్) కట్టి అక్కడికి బదిలీ చేయాలి. గుంతకల్లు జంక్షన్‌లో రైలు దిగి మీ దగ్గరికి వచ్చిన వారిని రైల్వే పోలీసుల వద్దకు పొమ్మనడం కూడా ఇదే తప్పు. కాగ్నిజబుల్ నేరం బయటపడితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. మహిళలపై జరిగిన కొన్ని తీవ్ర నేరాల్లో నమోదు చేయని అధికారికి బీఎన్ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన కారాగారం ఉంది.

మరో దారి: ముందు ఫోను వచ్చి, వివరాలు లేకుండా "ఇక్కడ గొడవ జరుగుతోంది, రండి" అంటే, జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ నమోదు పుస్తకంలో) రాసి వెంటనే వెళ్లండి. అయితే ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. వెళ్లిన చోట నలుగురి వాంగ్మూలాలు రాసి, మహజరు (మధ్యవర్తుల ముందు రాసే పంచనామా) రాసి, సాయంత్రం స్టేషన్‌కు వచ్చి తీరిగ్గా ఫిర్యాదు తయారు చేస్తే అది ఇక మొదటి సమాచారంగా నిలవదు. దర్యాప్తు మొదలయ్యాక చెప్పిన మాటగా మారి, పోలీసులకు చెప్పిన వాంగ్మూలాన్ని విచారణలో వాడటంపై సెక్షన్ 181 పెట్టిన నిషేధంలో పడుతుంది. కాబట్టి అక్కడికి చేరగానే, దర్యాప్తు మొదలుపెట్టక ముందే, తెలిసిన మనిషి చెప్పింది రాసి, సంతకం తీసుకుని, ఒక కానిస్టేబుల్ చేత స్టేషన్‌కు పంపించండి. ఎఫ్ఐఆర్ నంబరు ఫోనులో తెలిశాకే మహజరు మొదలుపెట్టండి. గాయపడిన వారుంటే వీటన్నిటి కంటే ముందు ఆసుపత్రి.

2. సెక్షన్ తేల్చండి

మన ఉదాహరణలో చాలామంది వెంటనే బీఎన్ఎస్ 303(2), సాధారణ దొంగతనం, మూడేళ్లు అని రాసేస్తారు. ఆగి ఆలోచించండి. సొత్తు భద్రపరిచే కట్టడంలో దొంగతనం జరిగితే అది 305(ఎ), ఏడేళ్ల వరకు శిక్ష. మోటారు షెడ్డు ఆ కోవలోకి వస్తుంది. తాళం పగలగొట్టి రాత్రిపూట దొంగతనం కోసం లోపలికి వెళ్లారు కాబట్టి 331(4) కూడా. దొంగతనం కోసమైతే దాని కింద 14 ఏళ్ల వరకు ఉంది. అదే కేబులు బయట పొలంలో పరిచి ఉండగా కోసుకుపోతే 303(2) మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి తీగ అయితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 136 చూడాలి, ఫిర్యాది కూడా విద్యుత్ శాఖ అధికారి అవుతారు.

ఈ తేడా పేరుకు మాత్రమే కాదు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష ఉన్న నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలని బీఎన్ఎస్ఎస్ 176(3) చెబుతోంది. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల వరకు వెసులుబాటు ఇచ్చినా, క్లూస్ టీమ్‌కు (నేరస్థలంలో ఆధారాలు సేకరించే బృందానికి) కబురు పెట్టడానికి ఆ గడువు ముగిసేదాకా ఆగవలసిన పని లేదు. అరెస్టు నియమాలు కూడా ఏడేళ్ల దగ్గరే మారతాయి.

సొత్తు విలువను గాలిలో వేయకండి. రూ.5,000 కంటే తక్కువ విలువైన సాధారణ దొంగతనాన్ని మొదటి షెడ్యూలు నాన్ కాగ్నిజబుల్‌గా, బెయిలబుల్‌గా విడదీసింది. సొత్తు తిరిగి ఇచ్చిన, మొదటిసారి దోషిగా తేలిన వారికి సమాజ సేవ శిక్ష. నాన్ కాగ్నిజబుల్ అయితే 174 ప్రకారం పుస్తకంలో నమోదు చేసి ఫిర్యాదిని మేజిస్ట్రేటు వద్దకు పంపాలి, ఆయన ఆదేశం లేకుండా దర్యాప్తు చేయకూడదు. కేసు కట్టడానికి విలువ పెంచి రాయడం, తప్పించుకోవడానికి తగ్గించి రాయడం రెండూ అన్యాయమే. రైతుకు ఆ కేబులు పంట ఎండిపోయేంత నష్టం, మీరు రాసే అంకె దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి.

శిక్ష మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్ల కంటే తక్కువ ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు 173(3) ఇచ్చింది. ఇది ప్రాథమిక ఆధారం ఉందో లేదో చూడటానికి మాత్రమే. తాళం పగిలి, మోటారు కనబడక, రైతు మీ ఎదుట నిలబడి ఉన్నప్పుడు దానితో పని లేదు. దర్యాప్తులో వేరే సెక్షన్ తేలితే ఆల్టరేషన్ మెమో (సెక్షన్ మార్పు తెలిపే పత్రం) దాఖలు చేయండి.

3. ఎఫ్ఐఆర్, నకలు, కోర్టు ప్రతి

సీసీటీఎన్ఎస్‌లో (పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థలో) నమోదు చేసి, జనరల్ డైరీ నంబరు, వేళ వేయండి. ఫిర్యాదికి గానీ బాధితుడికి గానీ నకలు ఉచితంగా, అప్పుడే ఇవ్వాలి. నకలు అందినట్టు సంతకం తీసుకోండి. మేజిస్ట్రేటుకు ప్రతి ఆలస్యం లేకుండా వెళ్లాలి. తీసుకెళ్లిన కానిస్టేబుల్ ఎన్ని గంటలకు బయలుదేరాడు, మేజిస్ట్రేటు ఎన్ని గంటలకు చూసి సంతకం చేశారు అన్నది విచారణలో మొదట చూసే విషయం. సెలవు రోజైతే ఇంటి దగ్గర అందజేయాలి. బస్సు దొరకకనో వాగు పొంగో ఆలస్యమైతే ఆ సంగతి ఆ రోజు కేసు డైరీలోనే రాయండి.

4. నేరస్థలం

ముందు ఎవరినీ లోపలికి పోనివ్వకండి. పల్లెలో మీరు చేరేసరికి ఇరవై మంది షెడ్డులో తిరిగి ఉంటారు. దూరం జరపండి, పగిలిన తాళాన్ని చేత్తో తాకకండి, అడుగుజాడలు, బండి చక్రాల గుర్తులు ఉంటే ఒక గంపో బక్కెట్టో బోర్లించి కాపాడండి. క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీశాకే వస్తువులు కదల్చాలి.

స్థానికులైన, సంబంధం లేని, పరువు గల ఇద్దరు మధ్యవర్తులను పిలవండి. సోదా జరిగే ప్రతిచోటా ఇది 103 కోరే షరతు. అక్కడ ఎవరూ దొరక్కపోతే, లేదా ముందుకు రాకపోతే, వేరే ఊరి వారిని పిలవవచ్చు. మన జిల్లాల్లో ప్రతి కేసుకూ అదే వీఆర్వోను, అదే తలారిని కూర్చోబెట్టడం అలవాటైంది. చట్టం దాన్ని నిషేధించలేదు. కానీ ఒకే మనిషి పది కేసుల్లో మధ్యవర్తి అయితే స్టేషన్ మనిషి అనే మాట వస్తుంది. పక్క తోట రైతును, పాలకేంద్రం నడిపే మనిషిని అడగండి. రాతపూర్వకంగా పిలిచినా కారణం లేకుండా రాకపోవడం నేరమని 103(8) చెబుతుంది. అయినా భయపెట్టి తెచ్చిన మధ్యవర్తి కోర్టులో నిలబడడు. విషయం చెప్పి, ఒప్పించి తీసుకురండి.

సోదా, స్వాధీనం రెండూ వీడియో తీయాలి, సెక్షన్ 105. జాబితా తయారీ, సాక్షుల సంతకాలు కూడా అందులో కనిపించాలి. ఆ రికార్డు ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ తయారు చేసిన ఈ-సాక్ష్య యాప్‌లో తీస్తే స్థలం, వేళ దానంతట అవే నమోదవుతాయి. ఇక్కడే వేళల పరీక్ష మొదలవుతుంది. మహజరులో "ఉదయం 9.30 నుంచి 10.45 వరకు" అని రాసి, వీడియో 11.20కి మొదలైతే ఆ రెండూ ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి. సిగ్నల్ లేక ఆలస్యంగా అప్‌లోడ్ అయితే సంగతి డైరీలో రాయండి.

రఫ్ స్కెచ్‌లో దిక్కులు, దూరాలు, కరెంటు స్తంభం, దీపం, దారి చూపండి. రాత్రి ఎవరైనా చూశామంటే అక్కడ వెలుతురు ఉందా అన్నది స్కెచ్ చెప్పాలి.

దగ్గర్లోని దుకాణం, పెట్రోలు బంకు సీసీ కెమెరా చూడండి. రికార్డరు గడియారం అసలు వేళ కంటే ఎన్ని నిమిషాలు ముందో వెనకో అక్కడే సరిచూసి రాయండి. నకలు తీసేటప్పుడు బీఎస్ఏ సెక్షన్ 63 ధ్రువపత్రం రెండు భాగాలూ, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడుతో) సహా ఉండాలి. ఇది లేక కోర్టులో పనికిరాకుండా పోయిన దృశ్యాలు తర్వాత మళ్లీ దొరకవు, పాత రికార్డు చెరిగిపోతుంది.

5. సాక్షులు

ఎవరిది వారికి విడివిడిగా రాయండి. సెక్షన్ 180 కింద రాసిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదు, 181 స్పష్టంగా వద్దంటుంది. కొత్తవారు అతిగా చేసే తప్పు ఇదే. మహిళలను, 15 ఏళ్ల లోపు మగపిల్లలను, 60 దాటిన వారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మనకూడదు, మీరే వాళ్ల ఇంటికి వెళ్లాలి. నలుగురి మాటలూ ఒకే వాక్యాలతో, ఒకే వరుసతో ఉంటే అవి మీరు రాసినవే తప్ప వారు చెప్పినవి కావని చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది.

6. నోటీసా, అరెస్టా?

దర్యాప్తులో ఇద్దరి మీద ఆధారం దొరికింది అనుకుందాం. ఒకరు బళ్లారి వైపు నుంచి వచ్చి పాత ఇనుము కొనే మనిషి.

శిక్ష ఏడేళ్ల వరకు మాత్రమే ఉన్న నేరాల్లో అరెస్టు మీ ఇష్టం కాదు. మళ్లీ నేరం చేయకుండా, దర్యాప్తు సరిగ్గా సాగడానికి, ఆధారాలు చెరపకుండా, సాక్షులను బెదిరించకుండా, కోర్టుకు హాజరయ్యేలా చూడటానికి అవసరమైతేనే 35(1)(బి) కింద చేయవచ్చు. చేస్తే ఎందుకో, చేయకపోతే ఎందుకో రాయాలి. అర్నేష్ కుమార్ కేసు (2014) తర్వాత మేజిస్ట్రేటు ఆ కారణాల పట్టికను చూడకుండా రిమాండ్ ఇవ్వకూడదు. అరెస్టు అవసరం లేకపోతే 35(3) నోటీసు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆదేశించింది. చేతికి అందించి రసీదు తీసుకోండి. నోటీసుకు లోబడి వస్తున్న మనిషిని కారణం రాయకుండా అరెస్టు చేయకూడదు.

మన కేసులో 331(4) ఉంది కాబట్టి షెడ్డు పగలగొట్టిన మనిషి విషయంలో, ఏడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు చెందిన 35(1)(సి) వర్తిస్తుంది. కానీ సొత్తు కొన్న మనిషి మీద బీఎన్ఎస్ 317(2) మాత్రమే నిలబడితే, ఆయనకు నోటీసు సరిపోతుందా అన్నది విడిగా ఆలోచించాలి. కేసు ఒకటే కదా అని అందరినీ ఒకే గాటన కట్టకండి.

మూడేళ్ల కంటే తక్కువ శిక్ష ఉన్న నేరంలో 60 దాటిన వారినో బలహీనులనో అరెస్టు చేయాలంటే డీఎస్పీ అనుమతి ముందు ఉండాలి.

7. అరెస్టు చేసేటప్పుడు

మీ పేరు స్పష్టంగా కనిపించే బ్యాడ్జి. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలో గౌరవం గల మనిషో సాక్షి సంతకం, నిందితుడి సంతకం. బంధువులకు, జిల్లాలో ఇందుకు నియమించిన అధికారికి సమాచారం. తీసుకున్న వస్తువులకు రసీదు. వైద్య పరీక్ష. వకీలును కలిసే హక్కు. డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పిన షరతులు చాలావరకు ఇప్పుడు సెక్షన్లుగా మారాయి.

అన్నిటికంటే ఇప్పుడు కోర్టులు గట్టిగా అడుగుతున్నది అరెస్టు కారణాల గురించి. సెక్షన్ 47, రాజ్యాంగం 22(1) అధికరణం ప్రకారం కారణాలు చెప్పాలి. 2025లో విహాన్ కుమార్ కేసులో, కారణాలు తెలియజేయకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు అంది. "మీపై ఫలానా క్రైమ్ నంబరు కేసు ఉంది" అనడం కారణం కాదు. "ఫలానా తేదీ రాత్రి ఫలానా తోట షెడ్డు తాళం పగలగొట్టి మోటారు తీసుకెళ్లారని, ఈ ఆధారాల వల్ల నమ్ముతున్నాం" అని, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వండి. బళ్లారి వైపు మనిషికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. అప్పుడు కన్నడంలో రాసి ఇవ్వండి. ముందుగా రాసి పెట్టుకోమన్న పేర్లు ఇప్పుడు అక్కరకు వస్తాయి.

వయసు అడగండి, బడి సర్టిఫికెట్ చూడండి. 18 నిండకపోతే లాకప్ లేదు, జైలు లేదు. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డు దారి. మహిళను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో మాత్రం మహిళా అధికారి రాతపూర్వక నివేదికతో మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. సంకెళ్ల విషయంలో 43(3) జాబితా చదవండి. మొదటిసారి దొంగతనంలో పట్టుబడిన మనిషి ఆ జాబితాలో లేడు.

జాగ్రత్త: వేళ. మనిషి మీ అదుపులోకి వచ్చిన క్షణమే అరెస్టు. ఉదయం తీసుకొచ్చి "విచారణ"కని కూర్చోబెట్టి సాయంత్రం అరెస్టు చూపడం చట్ట విరుద్ధం, మానవత్వానికీ విరుద్ధం. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020లో వచ్చిన ఆదేశం వల్ల స్టేషన్లలో కెమెరాలు ఉన్నాయి, ఆ మనిషి గుమ్మం దాటిన వేళ అందులో ఉంటుంది. ఫోను టవర్ వివరాలు కూడా అదే చెబుతాయి.

8. ఒప్పుకోలు, సొత్తు స్వాధీనం

శిక్షణలో ఉన్నవారు అందరూ తడబడే చోటు ఇది. పోలీసు ముందు చేసిన నేర ఒప్పుకోలు సాక్ష్యం కాదు, బీఎస్ఏ 23. కానీ అదుపులో ఉన్న మనిషి చెప్పిన మాట వల్ల ఒక విషయం కొత్తగా బయటపడితే, ఆ బయటపడిన దానికి సూటిగా సంబంధించినంత మేరకు మాత్రం సాక్ష్యమవుతుంది. ఇంకా మనం ఉదాహరించే పులుకూరి కోటయ్య తీర్పు మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన కేసులో వచ్చింది. కనుగొన్నది వస్తువు ఒక్కటే కాదు, అది దాచిన చోటు, ఆ సంగతి నిందితుడికి తెలుసన్న విషయం కూడా కలిసినదే "బయటపడిన విషయం" అని అందులో చెప్పారు.

ఆచరణలో ఇలా చేయండి. ఇద్దరు మధ్యవర్తుల ముందు ఆయన చెప్పింది ఆయన మాటల్లో రాయండి: "మోటారును ఫలానా చోట కంప చెట్ల కింద పాతిపెట్టాను, వస్తే చూపిస్తాను." మూడు పేజీల జీవిత చరిత్ర అక్కర్లేదు. తర్వాత అదే మధ్యవర్తులతో, నిందితుడు ముందు నడవగా, వెళ్లండి. ఆయనే తీసి చూపాలి. అక్కడే స్వాధీనం మహజరు, వీడియో, సీలు, లేబులు. లేబులు మీద క్రైమ్ నంబరు, తేదీ, వేళ, మధ్యవర్తుల సంతకాలు. కేబులు అయితే పొడవు కొలిచి, తూకం వేసి రాయండి. తూకం వేసిన మనిషి పేరు కూడా.

ఎక్కువగా జరిగే తప్పులు మూడు. ఒకటి, పోలీసులకు చోటు ముందే తెలిసి ఉండటం. ముందే తెలిసిన దాన్ని మళ్లీ "కనుగొనడం" కుదరదు. రెండు, మాట రాసిన వేళ, సొత్తు దొరికిన వేళ తారుమారు కావడం. మూడు, స్టేషన్‌లో కూర్చుని రెండు మహజర్లూ ఒకేసారి రాయడం. చేతిరాత, సిరా, వాక్యాలు అన్నీ ఒకేలా ఉంటాయి, వీడియోలో మాత్రం వేరేగా ఉంటుంది.

కొట్టి చెప్పించిన మాట ఈ మినహాయింపు కింద కూడా నిలవదు. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయరాదని రాజ్యాంగం 20(3) అంటోంది. మనిషిని కొట్టడానికి మీకు ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదు.

9. మేజిస్ట్రేటు ముందుకు

24 గంటలు దాటకూడదు. ప్రయాణ సమయం మాత్రమే మినహాయింపు. రిమాండ్ రిపోర్టుతో పాటు కేసు డైరీ నకలు, అరెస్టు మెమో, కారణాలు ఇచ్చిన రసీదు, వైద్య పరీక్ష పత్రం, బంధువులకు తెలిపిన వివరం జతచేయండి. రిమాండ్ ఎందుకు కావాలో రాయండి. "దర్యాప్తు పెండింగులో ఉంది" అన్న ఒక్క వాక్యం చాలదు. పోలీసు కస్టడీ 15 రోజులకు మించదు, అయితే 187 ప్రకారం దాన్ని మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా కూడా అడగవచ్చు. అభియోగపత్రానికి 60 రోజులా 90 రోజులా అన్న సందేహం ఉంటే 60నే గడువుగా పెట్టుకుని పని చేయండి. 90 రోజుల్లోపు ఫిర్యాదికి కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడం కూడా ఇప్పుడు చట్టం పెట్టిన బాధ్యతే. ఆ చీనీ రైతు స్టేషన్ చుట్టూ తిరగకుండా మీరే కబురు చేయండి.

రెండు ఫిర్యాదులు వచ్చినప్పుడు

గట్టు తగాదా, నీళ్ల తగాదాలో రెండు వర్గాలూ గాయాలతో వస్తాయి. మన సీమ పల్లెల్లో ఇది కొత్త కాదు. ముందు వచ్చిన వారి మాట నమ్మి, రెండో వారిని పంపించేయకండి. రెండూ కట్టండి. ఒకే అధికారి రెండిటినీ దర్యాప్తు చేయడం మంచిది. ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విచారించాలని నాథీలాల్ కేసులో (1990) సుప్రీంకోర్టు చెప్పింది. పాత కక్షలున్న ఊరిలో ఒక వర్గం ఇచ్చిన పేర్ల జాబితాను యథాతథంగా నిందితులుగా ఎక్కించేయడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. ఎవరు ఏ ఆయుధంతో ఏం చేశారో సాక్షి విడిగా చెప్పనిదే పేరు పక్కన పని రాయకండి.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

కోర్టుకు పంపే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ వేళలను ఒకదాని కింద ఒకటి రాయండి: నేరం తెలిసిన వేళ, ఫిర్యాదు, జనరల్ డైరీ, ఎఫ్ఐఆర్, కోర్టు ప్రతి బయలుదేరిన వేళ, మేజిస్ట్రేటు సంతకం, మహజరు మొదలు, ముగింపు, వీడియో మొదలు, ముగింపు, అరెస్టు, బంధువులకు సమాచారం, వైద్య పరీక్ష, నిందితుడి మాట, స్వాధీనం, హాజరు. తర్వాత ఇవి అడగండి.

- ఎఫ్ఐఆర్ వేళ కంటే ముందు రాసిన ఏ కాగితం మీదైనా క్రైమ్ నంబరు ఉందా? ఉంటే అది తర్వాత రాసిందని తేలిపోతుంది.
- ఒకే అధికారి ఒకే వేళకు రెండు చోట్ల ఉన్నట్టు రాశారా? వాహనం లాగ్‌బుక్ కూడా తీసి చూడండి.
- ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడానికి రాసిన సమయం నిజంగా సరిపోతుందా? తాడిపత్రి నుంచి అనంతపురానికి పది నిమిషాల్లో ఎవరూ రాలేరు.
- కేసు డైరీ పేజీలకు వరుస నంబర్లు ఉన్నాయా? 192 దాన్ని కోరుతుంది.
- మధ్యవర్తులు ఆ రోజు అక్కడ ఉన్నారని వేరే ఆధారం ఏదైనా ఉందా?

వీలైతే ఆ కేసుతో సంబంధం లేని తోటి శిక్షణార్థికి కట్ట మొత్తం ఇచ్చి, డిఫెన్స్ వకీలులా ప్రశ్నలు వేయమనండి. మీరు మూడుసార్లు చదివినా కనబడనిది ఆయనకు మొదటి పేజీలోనే కనబడుతుంది.

తప్పు బయటపడితే దిద్దకండి, పేజీ చింపకండి, కొత్తది రాసి పాత తేదీ వేయకండి. మీ చేతిలో ఉన్న కాగితమైతే తప్పు మాటపై చదవగలిగేలా ఒక్క గీత గీసి, సరైనది రాసి, సంతకం, ఆనాటి తేదీ వేయండి. ఆ తప్పు ఎలా జరిగిందో ఆ రోజు కేసు డైరీలో రాయండి. కాగితం అప్పటికే కోర్టుకు చేరి ఉంటే పై అధికారికి చెప్పి, మేజిస్ట్రేటుకు మెమో రూపంలో తెలియజేయండి.